గోడలు లేని కార్యాలయము

ఒకరు సెల్‌ఫోనులో బిగ్గరగా మాటలాడుదురు. వేరొకరు కలముతో బల్లపై దరువు వేయుదురు. ఇంకొకరు పొరుగువారి కుర్చీ నడుగకయే లాగుకొందురు. హైదరాబాదు మాదాపూరులోని విశాల కార్యాలయములలో వినవచ్చు సణుగుడు లివియే. తప్పు కేవలము మనుష్యులదేనా?

అడ్డుగోడలు తీసివేసినచో ఉద్యోగులు కలసిమెలసి మాటలాడుకొందురని యాజమాన్యములు తలచినవి. కాని అమెరికాలో బెర్న్‌స్టీన్, టర్బన్ అను పరిశోధకులు 2018లో ప్రకటించిన ఫలితము విపరీతముగా నున్నది. రెండు పెద్ద సంస్థలలో గోడలు తొలగిన పిదప ముఖాముఖి సంభాషణ సుమారు 70 శాతము తగ్గి, ఈ-మెయిళ్లు పెరిగినవి. ఏకాంతము దొరకనివాడు మౌనమునే గోడగా కట్టుకొనును. పొరుగువానితో చెప్పవలసిన చిన్నమాట పై యధికారికి ఫిర్యాదుగా పోవును.

ఫోనులకొక గది చూపుట యాజమాన్యము వంతు. "కొంచెం మెల్లగా, అన్నా" యని నవ్వుతో చెప్పుట ఉద్యోగి వంతు. ఈ రెండవ విద్యను బల్ల పంచుకొను విద్యార్థులు నేడే నేర్వవచ్చును.