విమానానికి హిందీ వస్తుంది, తెలుగు రాదా?

విమాన సైన్యంలో పనిచేసేవాళ్ళు ఏ పుస్తకాలు చదవాలనే మాట మాలపల్లెలో, మాదిగపల్లెలో ఎవరూ ఎత్తరు. అది మనకెందుకులే అనుకుంటాం. దెబ్బ తినేది అక్కడే. ఒక సైన్యం తన మనుషుల చేతికి ఏ పుస్తకం ఇస్తుంది, ఏ భాషలో ఇస్తుంది అని చూస్తే, లోపలికి ఎవర్ని రానిస్తారో, గడప బయట ఎవర్ని నిలబెడతారో తెలిసిపోతుంది.

ముందు పాత కథ చూడండి. లార్డ్ రాబర్ట్స్ అనే దొర 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనాధిపతి. తర్వాత దేశం మొత్తానికీ అయినాడు. మద్రాసు సిపాయి యుద్ధానికి పనికిరాడని ఆయన తీర్మానం. 1897లో అచ్చేసిన తన జ్ఞాపకాల పుస్తకంలోనూ అదే పాట. కుంఫిణీకి రాజ్యం సంపాదించి పెట్టిన సిపాయిల్లో తెలుగోళ్ళున్నారు, అరవోళ్ళున్నారు, అంటరానివాళ్ళని ఊరు తరిమేసిన కులాలవాళ్ళూ ఉన్నారు. పని తీరినాక మద్రాసు దండుల్ని ఒక్కొక్కటిగా రద్దు చేసినారు, కాకపోతే ఉత్తరాదివాళ్ళతో నింపినారు. ఏ కులపోడు శూరుడు, ఏ కులపోడు కాదు అని చెప్పే చేతిపుస్తకాలు అచ్చేసి ఆఫీసర్లకు పంచినారు. మనువు రాసింది చాలదని దొరలు ఇంకొకటి రాసినారన్నమాట! 1890లలో మహార్ల భర్తీ కూడా ఆపేసినారు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు, సైన్యం నడిపే బడిలో హెడ్మాస్టరు. ఆ వాకిలి మూసినప్పుడు పోయింది జీతం ఒక్కటే కాదు, బడి కూడా పోయింది. మహార్ రెజిమెంటు ఏర్పడింది 1941లో. నడుమ పోయిన యాభై ఏండ్లకు లెక్క చెప్పేదెవరు?

అమెరికాలోనూ ఇదే వరస. నల్లవాడికి ధైర్యం లేదు, బుద్ధి తక్కువ అని 1925లో అక్కడి సైనిక కళాశాల పెద్దలు ఒక నివేదిక రాసుకున్నారు. చదువుకున్న ఆఫీసర్లే రాసినారు, చదువు లేనోళ్ళు కాదు. 1941 నుంచి టస్కెగీలో నల్ల పిల్లలు విమానం నడపడం నేర్చినారు. దాదాపు వెయ్యిమంది పైలట్లు తయారైనారు. యూరపు ఆకాశంలో జర్మనీ విమానాలను ఎదిరించి ఆ నివేదిక అబద్ధమని తేల్చినారు. 1948లో ట్రూమన్ సైన్యంలో రంగుభేదం ఉండరాదని ఉత్తర్వు వేసినాడు. తమవాళ్ళు చదవాల్సిన పుస్తకాల జాబితా ప్రకటించే పద్ధతి ఆ దేశ వాయుసేనలో 1996లో మొదలైంది. అంత ముందుకు పోయిన చోట కూడా 2025 జనవరిలో, కొత్త సర్కారు ఉత్తర్వు వచ్చిన వెంటనే, కొత్తగా చేరినవాళ్ళకు చూపే టస్కెగీ వీరుల వీడియోను పాఠంలోంచి తీసేసినారు. దేశమంతా గోల చేస్తే కొద్దిరోజుల్లోనే మళ్ళీ పెట్టినారు. గోల చేసేవాళ్ళు ఉండబట్టి పెట్టినారు!

ఇప్పుడు మన వాయుసేన సంగతి. 1932 అక్టోబరు 8న పుట్టింది. కులం, మతం, ప్రాంతం చూడకుండా అందర్నీ తీసుకుంటామని చెప్తారు. సైన్యంలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ లేదు. సరే, ప్రతిభే చూస్తామంటారు కదా, ఆ ప్రతిభను ఏ భాషలో కొలుస్తున్నారో చూద్దాం.

ఆఫీసరు కావాలంటే రాయాల్సిన ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఇంగ్లీషులోనే. అగ్నివీర్ వాయు పరీక్షలో ఇంగ్లీషు పేపరు పోను, లెక్కలు, ఫిజిక్సు ప్రశ్నలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఇస్తారు. తెలుగు లేదు. ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ దుండిగల్‌లో, మన తెలుగు నేల మీదే ఉంది. నేల మనది కావచ్చు, భాష మాత్రం కాకూడదు!

విమానంలో రేడియో మాటలన్నీ ఇంగ్లీషే కదా, తెలుగుతో ఎట్లా అని పెద్దమనుషులు అడుగుతారు. నిజమే, ఇంగ్లీషు నేర్వాల్సిందే. దానికి వేరే పేపరు ఉంది, ఇంటర్ ఇంగ్లీషులో 50 శాతం రావాలనే షరతూ ఉంది. మేం అడిగేది ఫిజిక్సు గురించి. న్యూటన్ సూత్రం హిందీలో చదివినోడి చేతిలో విమానం బాగుంటుంది, తెలుగులో చదివినోడి చేతిలో చెడిపోతుందా? సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి తెలుగులో రాయనిస్తున్నారు. ఆర్మీ కూడా 2025లో అగ్నివీర్ రాతపరీక్షకు 13 భాషలు తెరిచింది, అందులో తెలుగు ఉంది. నేల మీది సైన్యానికి వచ్చిన తెలుగు ఆకాశానికి ఎందుకు ఎక్కదో ఢిల్లీవాళ్ళు చెప్పాల.

నాలుగేండ్ల ఉద్యోగానికి ఇంత గొడవెందుకని మనోళ్ళలో కొందరు అంటారు. అగ్నివీరుల్లో నిలుపుకునేది 25 శాతానికి మించదు, మిగిలినోళ్ళు ఇంటికే. అది అన్యాయమే, దాని మీద కొట్లాడాల. అట్లని ఉన్న వాకిలిని మన చేత్తో మూసుకోవాల్నా?

పుస్తకాల సంగతికి వద్దాం. 1971 యుద్ధంలో వాయుసేనను నడిపిన పి.సి.లాల్ రాసిన పుస్తకం 1986లో వచ్చింది. 2022లో వాయుసేన తన యుద్ధ సిద్ధాంతాన్ని కొత్తగా అచ్చేసింది. ఈ ఉద్యోగం కోరే పిల్ల గానీ పిలకాయ గానీ చదవాల్సినవి ఇవి. రెండూ ఇంగ్లీషులో రాసినవే. తిరుపతి అంగళ్ళలో గైడు కొనుక్కుని సంక్షేమ హాస్టలుకు పోయే పిలకాయ వాటి పేరు కూడా విని ఉండడు. ఆఫీసరు ఇంట్లో పుట్టినోడికి అవి అల్మరాలో ఉంటాయి. ఇంటర్వ్యూలో ఆ తేడాకే ప్రతిభ అని పేరు పెడతారు.

పాత చిత్తూరు జిల్లా కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూలు ఉంది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు. ఆరో తరగతి ప్రవేశపరీక్ష తెలుగులో రాయొచ్చు, తొమ్మిదిలో చేరాలంటే ఇంగ్లీషే. అంటే తెలుగు వాకిలి ఐదో తరగతి పిల్లలకు ఒక్కసారే తెరుస్తారు. ఆడపిల్లలకూ తెరుస్తారు. సంఘం కార్యకర్తలారా, మీ పల్లెలో ఐదో తరగతి చదివే పిల్లలెందరో రాసుకోండి, వాళ్ళ అమ్మానాయనలకు ఈ సంగతి చెప్పండి.

ఇంటర్ చదివేవాళ్ళు తెలుగు అకాడమీ ఫిజిక్సు పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పాఠం చదవండి. వాళ్ళ జాబితాతో పాటు అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ కూడా చదవండి, అది తెలుగులో దొరుకుతుంది. లోపలికి పోయినాక ఎవడన్నా శూరుల కులం అని నోరు తెరిస్తే జవాబు కావాల కదా.

ఈ పుస్తకాలకు డబ్బు యాడిది అంటారా? 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తా ఉన్నారు. మన ఇళ్ళకూ వేస్తారు. పోయిన మూడేండ్లలో ఎంత వసూలైంది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత కట్టినారు అని పంచాయతీ సెక్రటరీకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పల్లె స్థాయిలో దానికి రుసుం లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాల.