స్టవ్ కొనేటప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలి?

కూతురి కొత్త కాపురానికి గ్యాస్ స్టవ్ కొనాలి, తోడు రమ్మని మా చెల్లెలు ఈమధ్య పిలిచింది. చేతిలో ఉన్నది మూడు వేల ఐదు వందల రూపాయలు. దుకాణంలో అడుగు పెట్టగానే అమ్మాయి కళ్లు నల్లని గాజు పలక, మూడు బర్నర్లు ఉన్న స్టవ్ మీద పడ్డాయి. ధర మూడు వేల నాలుగు వందలు. "పెద్దమ్మా, అత్తగారి వైపు అందరి ఇళ్లలో ఇదే ఉంది" అంది. నేను వద్దన్నాను. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఎందుకు వద్దన్నానో అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక ఎన్నో పేద ఇళ్లకు గ్యాస్ బండ చేరింది. కట్టెల పొయ్యి పొగకు కళ్లు మండి, దగ్గుతో ఆయాసపడిన తల్లులకు అది ఎంత మేలో చెప్పనక్కరలేదు. అయితే పొగ పోయిన ఇంట్లోకి వేరే ప్రమాదం రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. తక్కువ డబ్బుతో స్టవ్ కొనేవారికి నేను చెప్పేది ఒక్కటే: పైకి కనబడే సొగసు మీద తగ్గించండి, కింద కనబడని భద్రత మీద తగ్గించకండి.

మా ఇంట్లో జరిగింది

చాలా ఏళ్ల క్రితం మా పుట్టింట్లో మంచి స్టవ్వే ఉండేది. దానికి తగిలించిన ఆకుపచ్చ రబ్బరు ట్యూబు మాత్రం కనెక్షన్ తీసుకున్ననాటిది. బండ వెనుక దాన్ని ఎలుక కొరికింది. ఎవరమూ చూడలేదు. ఒక తెల్లవారుజామున అమ్మ టీ పెట్టబోయి అగ్గిపుల్ల గీసింది. భగ్గున మంట లేచి కుడి చేయి, మెడ కాలాయి. ప్రాణం దక్కింది గానీ ఆ చేతి వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. తప్పు దుకాణం వారిదీ కాదు, గ్యాస్ ఏజెన్సీదీ కాదు. కొద్దిపాటి డబ్బుతో పోయే ట్యూబును మార్చని మాదే.

ఎక్కడ తగ్గించుకోవచ్చు?

నలుగురైదుగురున్న ఇంటికి రెండు బర్నర్లు చాలు. మూడోది చాలా ఇళ్లలో గిన్నె పెట్టుకునే చోటుగా మిగిలిపోతుంది. గాజు పలక తుడవడానికి సులువే, కాదనను. కానీ బరువైన గిన్నె జారిపడితే అది పగలవచ్చు. స్టీలు స్టవ్ సొట్ట పడుతుందేమో గానీ పగలదు. దానంతటదే వెలిగే ఏర్పాటు కూడా తప్పనిసరి కాదు. ఒక లైటర్ ఆ పని చేస్తుంది.

ఎక్కడ తగ్గించకూడదు?

మొదటిది ఐ.ఎస్.ఐ. గుర్తు. స్టవ్ మీద ఆ గుర్తుతో పాటు ఐ.ఎస్. 4246 అనే సంఖ్య ఉందో లేదో చూడండి. ఈ ప్రమాణం ప్రకారం గ్యాస్ ఇచ్చే వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. ఇంతకంటే ఎక్కువ చేర్చేవాటికి నక్షత్రాల గుర్తు ఉంటుంది. 68 శాతం స్టవ్ బదులు 74 శాతం స్టవ్ వాడితే 14.2 కిలోల బండ మీద సుమారు ఒక కిలో గ్యాస్ మిగులుతుంది. ఎక్కువ డబ్బు పెట్టాలనుకుంటే గాజుకు బదులు దీనికి పెట్టండి. స్టవ్ ఏజెన్సీ దగ్గరే కొనాలన్న నియమం లేదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

రెండవది ట్యూబు. లోపల తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబు తీసుకోండి. ఎలుక దాన్ని అంత తేలికగా కొరకలేదు. పొడవు మీటరున్నర దాటకూడదు. దాని మీద ముద్రించిన తేదీ చూసుకుని, ఐదేళ్లకు తప్పనిసరిగా మార్చండి.

దుకాణంలోనే మరో పని చేయండి. ఇంట్లో వాడే పెద్ద అన్నం గిన్నె, కూర గిన్నె వెంట తీసుకెళ్లి రెండు బర్నర్ల మీద ఒకేసారి పెట్టి చూడండి. ఒకదానికొకటి తగిలినా, గిన్నె ఊగినా ఆ స్టవ్ వద్దు. మీట నొక్కి తిప్పితేనే తిరగాలి. పిల్లల చేయి తగిలితే తిరిగేలా వదులుగా ఉండకూడదు.

స్టవ్ నేల మీద వద్దు

వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. కింద కూర్చుని వండే తల్లి, ఆమె చీర కుచ్చిళ్లు, పాకే పసిబిడ్డ కూడా ఆ నేల మీదే ఉంటారు. అందుకే బండ నేల మీద నిలువుగా, స్టవ్ దానికంటే ఎత్తులో ఉండాలి. మరుగుతున్న పులుసు, వేడి నూనె కూడా అప్పుడు పసివాళ్ల చేతికి అందవు. అద్దె ఇంట్లో వంటగట్టు లేదని చాలామంది స్టవ్‌ను నేల మీదే పెట్టేస్తారు. మా అమ్మాయి అద్దెకు తీసుకున్న గదిలోనూ గట్టు లేదు.

మా లెక్క ఇలా తేలింది. రెండు బర్నర్ల స్టీలు స్టవ్ పంతొమ్మిది వందలు. సురక్షా ట్యూబు రెండు వందలు. లైటరు వంద. మిగిలిన పదమూడు వందలతో మేస్త్రీని పిలిచి, ఇటుకల మీద కడప బండ వేయించి గట్టు కట్టించాం. మరుసటి వారం వెళ్తే అమ్మాయి నిలబడి వంట చేస్తోంది. "నడుము నొప్పి లేదు పెద్దమ్మా" అంది. గాజు స్టవ్ మాట ఎత్తలేదు.

కొన్నాక మరిచిపోకూడనివి

బండ మార్చినప్పుడల్లా ట్యూబు, రెగ్యులేటర్ అతుకుల దగ్గర సబ్బు నురగ రాయండి. బుడగలు వస్తే గ్యాస్ లీకవుతోందని అర్థం. అగ్గిపుల్లతో ఎప్పుడూ పరీక్షించకండి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులో వచ్చి గిన్నెకు మసి పడుతుంటే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించండి.

గ్యాస్ వాసన వస్తే కరెంటు స్విచ్ వేయకండి, ఉన్నది ఆపకండి కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి రండి. బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి. ఇది గ్యాస్ లీకులకు రాత్రింబగళ్లు పనిచేసే నంబరు.

ఒకవేళ చేయి కాలితే వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి, ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద పెట్టండి. సిరా, పేస్టు, దోశ పిండి పూయకండి. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకురండి.

కొత్త కాపురానికి స్టవ్ బహుమతిగా ఇవ్వదలచిన పెద్దలకు ఒక మనవి. మూడో బర్నర్ డబ్బుతో ఒక మంచి ట్యూబు, గట్టుకు ఒక కడప బండ కొనివ్వండి. ఫోటోలో అవి కనబడకపోవచ్చు. ఆ ఇంట్లో అమ్మాయి చేతులు చల్లగా ఉంటాయి.