బిల్లు మనది.. ఓటు వాళ్లది

ఈ మధ్య ఒక రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లో సెకండియర్ చదువుతోంది. ‘‘నాన్నా, మా జిమ్‌ ఫీజు పెంచాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. రేపే ఆఖరి రోజు. నువ్వేమంటావ్?’’ అని అడిగింది. గిన్నెలు కడుగుతున్న నేను క్షణం కూడా ఆలోచించలేదు. ‘‘ఇందులో అడగడానికేముంది? వద్దని కొట్టేయ్. ఇప్పటికి కడుతున్నది చాలదా?’’ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘‘అందులో ఏం రాశారో కూడా అడగవా?’’ అంది.

నిజమే, అడగలేదు. ఫ్రీమాంట్‌లో నాలాంటి తండ్రులు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనం ‘ఫీజు’ అని ఒకే గాటన కట్టేసేది నిజానికి రెండు రకాలు. ట్యూషన్ ఎంతో పైన రీజెంట్లు నిర్ణయిస్తారు. జిమ్, స్టూడెంట్ సెంటర్ లాంటి వాటికి క్యాంపస్‌ వేసే ఫీజుల్లో చాలావరకు విద్యార్థుల ముందుకు ఓటుకు వస్తాయి. బర్క్‌లీలో 2015లో విద్యార్థులు వెల్‌నెస్ ఫీజుకు ఓటేశారు. ఆ డబ్బు క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికీ, కౌన్సెలింగ్‌కూ, వ్యాయామ కేంద్రానికీ వెళ్లేలా ఆ ప్రతిపాదన తయారైంది. డేవిస్‌లో 1999లో ‘ఫేస్’ అనే ప్రతిపాదనకు ఓటేసి విద్యార్థులు తమ ఫీజు తామే పెంచుకున్నారు. అలా కట్టిన వ్యాయామ కేంద్రం 2004లో తెరుచుకుంది. లెక్క వేసి చూడండి. ఆ ఏడాది ఫస్టియర్‌లో ఉన్నవాళ్లు కూడా మామూలుగా 2003కల్లా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయి ఉంటారు. అంటే తాము అడుగు పెట్టని జిమ్‌కు వాళ్లు ఓటేశారు.

మనకిది వింతగా ఉంటుంది. నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీలో ఏటా స్పోర్ట్స్ ఫీజు కట్టించుకునేవారు. క్రికెట్ కిట్ మాత్రం పీఈటీ గారి గదిలో తాళం వేసి ఉండేది. ఫీజు ఎంత ఉండాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఎందుకని మేమూ అడగలేదు. ఆ అలవాటుతోనే ఎంఎస్‌కి ఇక్కడికి వచ్చాను. ప్రతి సెమిస్టర్ బిల్లులో రిక్రియేషన్ ఫీజు అని ఒక వరుస కనిపించేది. వారానికి 20 గంటలు కెఫెటేరియాలో పని, మిగిలిన టైమంతా ల్యాబ్. రెండేళ్లు కట్టాను, ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. అది మనలాంటి వాళ్లకు కాదులే అనుకున్నాను. నలభై దాటాక డాక్టర్ షుగర్ రిపోర్టు ముందు పెట్టి, రోజుకు ఎంత నడుస్తున్నారని అడిగింది. ఇప్పుడు నెలనెలా బయటి జిమ్‌కు కడుతున్నాను. అప్పుడు డబ్బు కట్టి వెళ్లనివాణ్ని, ఇప్పుడు కట్టి కూడా వారానికి రెండు రోజులే వెళ్తున్నాను. మన దక్షిణాసియా వాళ్లకు షుగర్, గుండెజబ్బులు త్వరగా వస్తాయని వైద్యులు చెబుతూనే ఉన్నారు. పద్దెనిమిదేళ్లకే వ్యాయామం అలవాటైతే మంచిదని నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలాగని ఫీజు పెంపు ఏదైనా సరే మంచిదేనని నేననడం లేదు. పోలింగ్ తక్కువైతే ఏమవుతుందో చూడండి. వందలో ఇరవై మందే ఓటేస్తే, పదకొండు మంది ‘అవును’ అన్నది మిగతా ఎనభై తొమ్మిది మంది బిల్లులో చేరుతుంది. యూసీలో ఇలాంటి కొత్త ఫీజుల్లో కనీసం నాలుగో వంతు ఆర్థిక సాయానికి పక్కన పెడతారు. అది మంచి నియమమే. కానీ ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన ఎఫ్-1 విద్యార్థికి అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయం అందదు. అతనికి ఒక్కో డాలరూ రూపాయల్లో లెక్కే. మనకు దగ్గర్లోని శాన్‌హోసే, హేవర్డ్ లాంటి కాల్‌స్టేట్ క్యాంపస్‌లలో అయితే విద్యార్థుల ఓటు సలహా మాత్రమే. చివరి మాట పాలకులదే. ఓటింగ్ పెట్టకుండా వేరే రకంగా సంప్రదింపులు జరిపి కూడా ఫీజు తేవచ్చు.

మన ఊళ్లోని ఓలోనీ లాంటి కమ్యూనిటీ కాలేజీలకు చట్టం గట్టి కంచెలే వేసింది. స్టూడెంట్ సెంటర్ ఫీజు తేవాలంటే విద్యార్థుల ఓటింగ్ జరగాలి. ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఆ ఫీజు ఏడాదికి 10 డాలర్లు దాటకూడదు. నాలుగేళ్ల యూనివర్సిటీల్లోనూ ఇంత స్పష్టత ఉంటే నాలాంటి వాళ్ల గొణుగుడు సగం తగ్గేది.

తర్వాతి శనివారం లేక్ ఎలిజబెత్ చుట్టూ నడుస్తూ ఈ సంగతంతా ఒక మిత్రుడికి చెప్పాను. గ్రీన్‌కార్డు కోసం పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. కొడుక్కి ఇరవై నిండాయి, ఇంకా హెచ్-4 మీదే ఉన్నాడు. ఇరవై ఒకటి వస్తే ఏం చెయ్యాలన్నదే వాళ్లింట్లో రోజూ చర్చ. అంతా విని అతను, ‘‘మావాడూ పోయినేడు వాళ్ల కాలేజీలో ఇలాంటిదానికే ఓటేశాడు గురూ. మా ఇంట్లో ఈ దేశంలో పడిన ఒకే ఒక్క ఓటు అది’’ అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఇక్కడ పన్ను కడతాడు, ఓటు లేదు. ఎన్నారైలు భారత్‌లో ఓటరుగా నమోదయ్యే వీలు 2011 నుంచి ఉంది. కానీ పోలింగ్ రోజున స్వయంగా వెళ్లి వెయ్యాలి. సెలవు దొరకాలి, టికెట్ కొనాలి, వీసా స్టాంపింగ్ భయం ఎలాగూ ఉంటుంది. అలాంటి ఇంట్లో పిల్లవాడి చేతికి ఓటు వస్తే, వీసా ఏదని అడగకుండా విద్యార్థి అయితే చాలన్న ఓటు వస్తే, దాన్ని ‘కొట్టేయ్’ అని ఒక్కమాటతో తీసిపారేసే హక్కు తండ్రులకు ఎక్కడిది?

మనమూ ఇలాంటి ఓట్లు వేస్తూనే ఉన్నాం కదా. ఫ్రీమాంట్ స్కూళ్ల కోసం 2014లో 65 కోట్ల డాలర్ల బాండుకు ఈ ఊరు ఒప్పుకుంది. ఇల్లున్న ప్రతివాళ్లూ ప్రాపర్టీ ట్యాక్సులో ఆ వరుస చూస్తూనే ఉంటారు. మా అమ్మాయి హైస్కూలు దాటిపోయింది, మేం మాత్రం ఇంకా కడుతున్నాం. బాధ లేదు. అది చదివిన బడికి ఎవరో ఎప్పుడో కట్టారు, ఇప్పుడు మా వంతు. మామిడి మొక్క నాటిన తాత కాయ తినాలని నాటడు. డేవిస్ పిల్లలు చేసిందీ అదే.

కాబట్టి ఈసారి మీ పిల్లలు ఇలా ఫోన్ చేస్తే జవాబు చెప్పకండి, ప్రశ్నలు అడగండి. ఫీజు ఎంత పెరుగుతుంది, ఏటా దానంతటదే పెరుగుతూ పోతుందా? ఎన్నేళ్లకు ఆగుతుంది, ఆగే తేదీ రాశారా? చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్లకు అందులోంచి ఎంత వెనక్కి వస్తుంది? ఖర్చు లెక్క చూసే కమిటీలో విద్యార్థులు ఉన్నారా? ఆగే తేదీ, లెక్క చూసే కమిటీ ఉంటే నేను ‘అవును’ వైపే మొగ్గుతాను. అవి లేకపోతే ఎంత మంచి జిమ్ అయినా ‘వద్దు’ అనే అంటాను. అయితే అది నా అభిప్రాయం వరకే. ఓటు వాళ్లది. వెయ్యకుండా ఊరుకుని, తర్వాత బిల్లు చూసి తిట్టుకోవడం మాత్రం ఒప్పుకోవద్దు.

ఆ రాత్రే మళ్లీ ఫోన్ చేసి అమ్మాయికి సారీ చెప్పాను. రెండు పేజీల ప్రతిపాదన చదివి వినిపించింది. గంట పట్టింది. అది డిగ్రీలో చేరాక మేమిద్దరం డబ్బు గురించి అంతసేపు గొడవ పడకుండా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మర్నాడు ఓటేశానని మెసేజ్ పెట్టింది. ఎటు వేశావని అడగలేదు.