దరఖాస్తులో లేని గడి

పేదవాడికి ఇల్లు కావాలంటే ప్రభుత్వాలన్నీ ఒకటే జవాబు చెబుతూ వచ్చాయి: సొంత ఇల్లు ఇస్తాం, వరుసలో నిలబడు. ప్రతిపక్షంలో ఉన్న మనం చెబుతున్న జవాబూ దాదాపు అదే: సొంత ఇల్లు ఇప్పిస్తాం, ఊరేగింపులో నిలబడు. ఈ రెండవ వరుసలో నేను చాలా ఏళ్ళు నిలబడ్డాను గనుక దానిమీద నాలుగు కఠినమైన మాటలు అనే హక్కు నాకున్నదనుకుంటాను. మునిసిపాలిటీలు ఇళ్ళు కట్టి, అమ్మకుండా, దానం చెయ్యకుండా, లాటరీ తియ్యకుండా, న్యాయమైన కిరాయికి పేదలకు ఇవ్వాలని మనం ఎందుకు అడగలేదు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - మూడు ఊళ్ళలోనూ నేను పాఠాలు చెప్పాను, మూడింటిలోనూ అద్దెకే బతికాను. ఊరిపేరు చెప్పకుండా ఒక సంగతి చెబుతాను. మూడింటిలో ఎక్కడ జరిగినా ఇలాగే జరిగివుండేది. నేనున్న ఇంటి కిందిగదిలో ఒక రైసుమిల్లు హమాలీ కుటుంబం ఉండేది. అతని తల్లి ఆసుపత్రిలో చనిపోయింది. శవాన్ని ఇంటికి తీసుకురావడానికి యజమాని ఒప్పుకోలేదు. ఆయన క్రూరుడేమీ కాడు. ఆసుపత్రి ఖర్చుకు అయిదువేలు ఇచ్చినవాడే. కాని కిరాయిదారు పీనుగ గుమ్మం దాటితే ఇంటికి కీడని నమ్మినవాడు. ఆ రాత్రి రోడ్డుపక్కన టెంటు వేసి, ఐసుపెట్టెలో ముసలమ్మను పడుకోబెట్టి, లారీల దుమ్ములో కుటుంబమంతా కూర్చున్నది. పదకొండోనాటి దాకా ఇంట్లోకి రావద్దన్నారు. చంటిపిల్లతో ఆ కోడలు పదకొండు రోజులూ మిల్లు షెడ్డులో గడిపింది.

తిరిగి వచ్చిన తరువాత ఆమె నన్నడిగింది: "సార్, మునిసిపాలిటోళ్ళు కిరాయికి ఇండ్లియ్యరా? నెలనెలా కడతం. సర్కారు ఇల్లయితే పీనుగనన్న లోపలికి రానిస్తరు గద?"

తెలుగు చదివి తెలుగు చెప్పేవాణ్ణి గదా, తెల్లకాగితం తీసుకొని చక్కగా దరఖాస్తు రాశాను. నెలనెలా అద్దె చెల్లించే షరతుమీద పురపాలక సంఘం వారు ఒక ఇల్లు ఇప్పించ ప్రార్థన - అని. (అద్దె కట్టేవాడు ప్రార్థించడం ఎందుకో రాసేటప్పుడు నాకు తోచలేదు. మన దరఖాస్తులన్నీ అలాగే ముగుస్తాయి.) కార్యాలయంలో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, "ఏ స్కీము కింద సార్?" అన్నాడు. ఏ స్కీమూ కాదన్నాను. "మునిసిపాలిటీ కిరాయికిచ్చేది మడిగెలే సార్, ఇండ్లు కాదు" అని కాగితం వెనక్కి ఇచ్చాడు.

నేను ఆ మాట పట్టుకొని ఇంటికి వచ్చాను. మునిసిపాలిటీకి కిరాయి వ్యవహారం తెలియకపోలేదు. మడిగెలు కట్టడం, వేలం వెయ్యడం, అడ్వాన్సు పుచ్చుకోవడం, అద్దె వసూలు చెయ్యడం దానికి వెన్నతో పెట్టిన విద్య. వస్తువులు అమ్ముకొనేవాడికి అది భూస్వామి కాగలదు. మనుషులు నిద్రపోవడానికి మాత్రం కాలేదు!

ఇళ్ళ విషయంలో మనకు దరఖాస్తుల కొరత లేదు. 2015 దసరానాడు సూర్యాపేటలో ముఖ్యమంత్రి డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు శంకుస్థాపన చేశారు. 560 చదరపు అడుగులు, లబ్ధిదారుడు పైసా కట్టనక్కరలేదు. ఆశయం మంచిదే. కాని ఇళ్ళు వందల్లో, అడిగేవారు వేలల్లో ఉన్నప్పుడు ఏమయింది? చీట్లు తీశారు. హక్కు అదృష్టంగా మారింది. రాష్ట్రంలో అనేకచోట్ల కట్టిన ఇళ్ళు పంచక, ఏళ్ళ తరబడి తాళాలతో పడివుండి, కిటికీలు ఊడిపోయాయి. తరువాతి ప్రభుత్వం 2023 డిసెంబరు 28 నుండి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకొన్నది. కోటికి పైగా వచ్చాయి. ఆ ఫారంలో ఇల్లు లేనివారు ఆర్థిక సహాయానికి టిక్కు పెట్టే గడి ఉన్నది. అద్దె ఇంటికోసం పెట్టే గడి లేదు. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం అయిదు లక్షలిస్తుంది, బాగానే ఉంది. అయితే సొంత స్థలం ఉన్నవాడికి ముందు! స్థలం లేనివాడు మరో జాబితాలో వేచివుండాలి. అంటే ఎవడి అవసరం ఎక్కువో వాడి వంతు వెనక.

ఇక మన సంగతి. ఇళ్ళ స్థలాలకోసం మన ఉద్యమం రక్తం ధారపోసింది. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులలో ఏడుగురు కూలిపోయారు. ఆ కోర్కెను నేను తక్కువ చెయ్యను. ఊరిలో పుట్టి, ఊరిలోనే కూలి చేసి, ఊరిలోనే చావవలసిన వ్యవసాయ కూలీకి కాళ్ళకింద కాస్త నేల తనదై ఉండడం దొరల బెదిరింపునుండి విముక్తి. అది సాయుధ పోరాటపు నేల నేర్పిన పాఠం. కాని ఆ పాఠాన్ని పట్టణానికి ఎత్తుకొచ్చి ఒక్క అక్షరం మార్చకుండా అప్పజెబుతున్నాం. బీహారునుండి మిర్యాలగూడ రైసుమిల్లులకు వచ్చిన హమాలీకి ఇక్కడ వంద గజాల పట్టా ఎందుకు? అతనికి ఇక్కడి ఆహారభద్రతా కార్డు కూడా లేదు; ఏ జాబితాలోనూ అతని పేరు ఎక్కదు. ఈ సంవత్సరం కోదాడలో తాపీపని దొరికి, వచ్చే సంవత్సరం సూర్యాపేటకు పోయేవాడికి ఇల్లు సొంతమైతే అది సొత్తా, సంకెలా?

ఈ మాట నాది కాదు. 1872లో ఎంగెల్స్ గృహసమస్యమీద రాసిన వ్యాసాలలో ప్రూధాన్ శిష్యులతో పెట్టుకొన్న తగవు ఇదే. కార్మికుణ్ణి చిన్న ఇంటికి యజమానిని చేస్తే వాణ్ణి ఒకచోట కట్టిపడేసి కూలి తగ్గించడం యజమానులకు సులభమవుతుందని ఆయన వాదించాడు. మన అధ్యయన తరగతులలో ఈ పుస్తకం పేరు వినిపిస్తుంది, వాదం వినిపించదు.

దీనికి ఒక మిత్రుడు వెంటనే అడ్డుతగిలాడు: "ఎంగెల్సే గదా, పెట్టుబడిదారీ వ్యవస్థలో గృహసమస్య తీరదన్నాడు! మునిసిపాలిటీ ఇళ్ళు సంస్కరణవాదం కాదా?" నిజమే, అన్నాడు. అయితే కూలిరేట్లు కూడా ఈ వ్యవస్థలో తీరే సమస్య కాదు. అందుకని సమ్మె మానుకొన్నామా? వియన్నా నగరాన్ని చూడండి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అక్కడి సోషలిస్టు మునిసిపాలిటీ 1923లో గృహనిర్మాణ పన్ను విధించింది. భవంతులవారిమీద ఎక్కువ, చిన్న ఇళ్ళవారిమీద బహు తక్కువ. ఆ ధనంతో 1934 నాటికి అరవైవేలకు పైగా ఇళ్ళు కట్టి కార్మికులకు అద్దెకిచ్చింది. వాటిలో ఒకటి 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్: కిలోమీటరుకు పైగా పొడవు, 1,382 ఇళ్ళు, వాటికి లాండ్రీలు, స్నానశాలలు, పిల్లల బడులు. 1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియా నిరంకుశ ప్రభుత్వం ఆ ఇంటిమీద ఫిరంగులు పేల్చింది. ఉత్త సంస్కరణవాదమే అయితే ఫిరంగులెందుకు అవసరమయ్యాయో మా మిత్రుడు చెప్పాలి. బ్రిటన్‌లో 1980 చట్టంతో కౌన్సిలు ఇళ్ళను అందులో ఉన్నవారికే చౌకగా అమ్మివేశారు. కొన్నవాడు సంతోషించాడు. వాడి తరువాత వచ్చినవాడికి ఇల్లు లేకుండా పోయింది.

వియన్నా దూరమంటారా? హైదరాబాదు ఉన్నది. 1908 మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ మురికివాడలు తీసి, ఇళ్ళు కట్టి, అద్దెకిచ్చింది. నిజామును పొగడడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. అతనిపై ఆయుధం పట్టిన నేల మాది. కాని ఒక నిరంకుశుడి పాలనలో సాధ్యమైనది ఎన్నికైన పురపాలక సంఘానికి ఎందుకు అసాధ్యమో అడగడానికి మాకంటె తగినవారెవరు?

"అద్దెదారును కాపాడడానికి చట్టం ఉన్నది గదా" అనేవారూ ఉన్నారు. ఉన్నది: 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. 2005 సవరణ మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500, ఇతరచోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలను దాని వెలుపలికి నెట్టివేసింది. మా పట్టణాలకు వర్తించేది ఆ రెండువేల గీతే. ఆ అద్దెకు ఈనాడు మరుగుదొడ్డితో కూడిన గది దొరికితే నాకు చూపించండి. సూర్యాపేట 2016లో జిల్లా కేంద్రమయింది. కార్యాలయాలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, నావంటివారి జీతంలో ఇంటి అద్దె భత్యం ఉన్నది గనుక అద్దెలూ లేచాయి. హమాలీకి ఆ భత్యం ఎవరిస్తారు? పదకొండు నెలల కాగితం, ఆ కాగితానికి ముందు "మీరెవలు?" అనే ప్రశ్న. పేరు చెబితే చాలదు; అడిగింది కులం. టులెట్ బోర్డు చూసి తలుపు తట్టిన మాదిగ విద్యార్థులు నాకు చెప్పిన కథలు రాస్తే ఈ సంచిక చాలదు. మన కథలలో, సినిమాలలో అద్దెకొంప ఒక హాస్యఘట్టం. రాసినవారెవరూ కులం చెప్పి గుమ్మంనుండి తిరిగివచ్చినవారు కారు కాబోలు.

2020 జూలైలో కేంద్రం కూడా అద్దె ఇళ్ళ మాట ఎత్తింది. లాక్‌డౌనులో వలస కూలీలు వందల మైళ్ళు నడిచిన తరువాత తెలివి వచ్చింది. అయితే దాని మార్గమేమిటి? ఖాళీగా పడివున్న సర్కారు ఇళ్ళను ఇరవై అయిదేళ్ళపాటు ప్రైవేటువాడికి అప్పగిస్తే వాడు బాగుచేసి అద్దెకిచ్చుకోవచ్చు. లేదా ప్రైవేటువాడే కట్టుకోవచ్చు. ఇల్లు ప్రజలది, కిరాయి వాడిది!

మునిసిపాలిటీ చేతిలో పెడితే కౌన్సిలర్ల బంధువులే చేరతారని మరో శంక. చేరతారు, మనం ఊరుకుంటే. సొంత ఇళ్ళ జాబితాలలో చేరలేదా? కాని ఒక తేడా ఉన్నది. దానమిచ్చిన ఇల్లు ఒకసారి అపాత్రుడి చేతికి పోతే పోయినట్లే. అద్దె ఇల్లు మునిసిపాలిటీదే. తప్పు జరిగితే తిరిగి తీసుకోవచ్చు, ఖాళీ అయితే తరువాతివాడికి ఇవ్వవచ్చు. అవసరాన్నిబట్టి వరుస రాసి వార్డులో గోడమీద అంటించమని అడగవచ్చు. యాభై ఇళ్ళతో మొదలుపెట్టమనండి. వేలంలో మడిగెల అద్దెతో వచ్చే ఆదాయానికి లెక్క చెప్పమనండి. వచ్చే పురపాలక ఎన్నికల ప్రణాళికలో మనవాళ్ళు ఈ ఒక్క కోర్కె చేర్చడానికి అడ్డమేమిటి?

దరఖాస్తును నేను మళ్ళీ రాశాను. ఈసారి "ప్రార్థన" తీసివేసి "కోరుచున్నాము" అని పెట్టి, తపాలాలో పంపాను. జవాబు రాలేదు. వచ్చినా ఆమెకు చేరదు. ఆ కుటుంబం కోదాడకు వెళ్ళిపోయింది. అక్కడ దొరికిన గదికి ఇంకా చిరునామా తెలియదు.