నగర వనాలు: నాటడం తేలిక, నిలపడమే పరీక్ష

భారతీయ నగరాల్లో కట్టడాల నడుమ చిన్న అడవులను పెంచే ప్రయత్నం విస్తరిస్తోంది. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ (1928-2021) రూపొందించిన పద్ధతి దీనికి ఆధారం. ముందుగా నేలను లోతుగా తవ్వి, సేంద్రియ ఎరువు కలిపి గుల్లబరుస్తారు. ఆపై స్థానిక జాతుల మొక్కలను చదరపు మీటరుకు మూడు, నాలుగు చొప్పున నాటుతారు. వెలుతురు కోసం పోటీపడి అవి ఏపుగా ఎదుగుతాయి. రెండు, మూడేళ్లు నీరు పోసి, కలుపు తీస్తే చాలావరకు తమంతట తామే నిలదొక్కుకుంటాయి. చెన్నై, ముంబై నగర పాలక సంస్థలు ఈ పద్ధతిని చేపట్టగా, తెలంగాణ అటవీ శాఖ స్థానికంగా మలచి యాదాద్రి నమూనా పేరుతో అమలు చేసింది.

ప్రయోజనం కాదనలేనిది. నీడ, ఆకుల నుంచి వెలువడే తేమ పరిసరాలను చల్లబరుస్తాయి. గుల్లబారిన నేల వాననీటిని ఇంకించుకుంటుంది. పక్షులకు, సీతాకోకచిలుకలకు ఆశ్రయం దొరుకుతుంది.

అయితే ఈ వనాలను ఉన్న అడవికి ప్రత్యామ్నాయంగా లెక్కగట్టడంలోనే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి ఉదంతం ఇందుకు నిదర్శనం. అక్కడి 400 ఎకరాల భూమిలో సాగిన చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది. నరికిన సుమారు 100 ఎకరాల్లో పచ్చదనం పునరుద్ధరణకు ప్రణాళిక ఇవ్వాలని అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరింది. రాతిగుండ్లు, పొదలు, గడ్డి, నీటి మడుగులు, వాటిని నమ్ముకున్న జింకలు, నెమళ్లు కలిస్తేనే దక్కను ప్రాంతపు సహజ ఆవరణం. దట్టంగా నాటిన వనం ఎంత పచ్చగా ఉన్నా ఆ కూర్పును తిరిగి తేలేదు. పైగా గడ్డినేలను బీడుగా భావించి అక్కడ చెట్లు నాటితే, ఉన్న జీవజాతులకే నష్టం.

కాబట్టి చిన్న అడవులకు తగిన చోటు చెత్తకుప్పలుగా మారిన ఖాళీ స్థలాలు, పాఠశాలల ఆవరణలు, చెట్టు నీడ ఎరుగని ఇరుకు బస్తీలు. విజయానికి కొలమానం ప్రారంభోత్సవం నాడు నాటిన మొక్కల సంఖ్య కారాదు. మూడు వేసవులు దాటాక ఎన్ని బతికాయి, అవి ఏయే జాతులవి అన్న వివరాలను పాలక సంస్థలు వార్డుల వారీగా ప్రజల ముందుంచాలి. నీటికి, సంరక్షణకు అయ్యే ఖర్చును మొదటే బడ్జెట్‌లో చూపాలి. ఉన్న అడవిని కాపాడుకోవడం తొలి కర్తవ్యం; కొత్త వనాన్ని పెంచడం దానికి తోడు మాత్రమే.