అద్దాలు పోయినయి, ఈ వెలుగు రింగుల సంగతేంది?

"ఆపరేషన్ సక్సెస్. చార్టులో ఆఖరి లైను కూడా చదువుతున్నరు. ఇంకేం కావాలె?" లాసిక్ చేయించుకొని రెండు నెలలకు మళ్లీ దవాఖానకు పోతే నాకు దొరికిన జవాబు ఇది. నేను అడిగింది చార్టు గురించి కాదు. రాత్రి బండి మీద వస్తుంటే ఎదురొచ్చే లారీ లైటు చుట్టూ పెద్ద రింగు పడుతున్నది, అండ్ల రోడ్డే మాయమవుతున్నది. అది అడిగిన. "అలవాటైతది" అని పంపిండ్రు.

తెల్ల బోర్డు మీది నల్లక్షరాలు వేరు, చీకటి రోడ్డు వేరు. చీకట్ల కంటిపాప పెద్దగైతది. లేజర్ సరిచేసిన భాగం అంచుల నుంచి వచ్చే వెలుగు చెదిరి రింగులు పడుతయి. మంట, మసక సంగతి ఇంకొకటి. లాసిక్‌లో కార్నియా మీద పలుచటి పొర కోసి లేపినప్పుడు సన్నటి నరాలూ తెగుతయి, కొన్నాళ్లు కన్నీరు తగ్గుతది. ఇది రోగి భ్రమ ఎట్లయితది?

అమెరికా ఎఫ్‌డీఏ భాగస్వామిగా జరిగిన ప్రౌల్ అధ్యయనాలు 2017లో అచ్చయినయి. ముందు ఏ ఇబ్బందీ లేనోళ్లలో 43 నుంచి 46 శాతం మందికి మూడు నెలల తర్వాత రింగులో, గ్లేరో కొత్తగా మొదలైనయి. రోజువారీ పనులకు బాగా కష్టమైనోళ్లు మాత్రం నూటికి ఒక్కరి కన్నా తక్కువ. భయపెట్టుడు నా ఉద్దేశం కాదు. కానీ ఆ సగం మంది మాట హోర్డింగు మీద ఎందుకు కనబడదు?

చాలామందికి ఆరు నెలల్లోపు తగ్గుతది. అప్పటిదాకా ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు వేళకు వేసుకోవాలె, మంట పుట్టినంక కాదు. కంప్యూటర్ ముందు కూసునే ఉద్యోగులు రెప్పకొట్టుడు మరువొద్దు, ఏసీ గాలి మొహం మీద పడనీయొద్దు, కన్ను నలుపొద్దు. అయినా తగ్గకపోతే కన్నీరు కారిపోయే రంధ్రాన్ని మూసే చిన్న ప్లగ్గులున్నయి. నాకు కొద్దిగ సిలిండర్ పవరు మిగిలిందని రెండో డాక్టరు చూసేదాకా తెల్వదు! ఇప్పుడు రాత్రి బండికి అద్దాలు పెట్టుకుంటున్న, నామోషీ ఏం లేదు. స్టెరాయిడ్ చుక్కలు సొంతంగ కొని పొడిగిస్తే కంటి ప్రెషరు పెరుగుతది, జాగ్రత్త. కన్ను ఎర్రబడి, నొప్పితో చూపు ఒక్కసారే తగ్గితే ఆ రోజే పోవాలె. నెలలు గడుస్తుంటే పవరు మళ్ల పెరిగితే కార్నియా ఉబుకుతున్నదేమో టోపోగ్రఫీ తీయించాలె. దాన్ని ఆపేందుకు క్రాస్‌లింకింగ్ ఉన్నది, కానీ పోయిన చూపును అది పూర్తిగ తేలేదు.

పెండ్లి సంబంధం కోసమని పద్దెనిమిది నిండంగనే బిడ్డను టేబులెక్కించే తల్లిదండ్రులూ ఒకటి అడగాలె: ఏడాదిగా పవరు మారకుండ నిలిచిందా?

నాతోని సంతకం పెట్టించుకున్న కాయితం ఇంగ్లీషుల ఉన్నది, అదీ ఆపరేషన్ గది బయట నిలబెట్టి. ఆ కాయితం తెలుగుల, కనీసం ఒక రోజు ముందు చేతికి రావాలె. కార్నియా మందం, టోపోగ్రఫీ, కన్నీటి పరీక్షల రిపోర్టులు మన దగ్గరుండాలె. ఆరు నెలల ఫాలోఅప్ ఖర్చు ప్యాకేజీలోనే ఉన్నదా లేదా, పైసలు కట్టకముందే రాసిమ్మని అడగుండ్రి.