చివరి మంచం పక్కన మన మనిషి ఉండాలి: మహమ్మారి వచ్చినా సరే!

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్, ఇందిరానగర్ వాసులారా!
సినీ పరిశ్రమ 24 క్రాఫ్టుల అన్నలారా, అక్కలారా!

కరోనా రోజుల్లో మన వీధుల్లో పోయినవాళ్లంతా కరోనాతోనే పోలేదు. క్యాన్సర్ ముదిరినవాళ్లున్నారు. పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దలున్నారు. "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని ఆస్పత్రి నుంచి పంపేసినవాళ్లున్నారు. వాళ్లలో ఎందరికో నొప్పి మందు అందలేదు. ఆస్పత్రిలో ఉన్నవాళ్లలో ఎందరికో కడచూపు కూడా దక్కలేదు. మళ్లీ ఏ మహమ్మారి వచ్చినా మన పేటలో అలా జరగకూడదు. అందుకే ఈ కరపత్రం.

నయం కాని జబ్బుకీ వైద్యం ఉంది

నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, పుండు కడిగి కట్టు కట్టడం, రోగికి ధైర్యం చెప్పడం, ఇంట్లోవాళ్లకు తోడుండడం: ఇదే పాలియేటివ్ కేర్. చివరి రోజుల్లో ఈ సేవ దొరికే చోటు హాస్పిస్. మన పొరుగున బంజారాహిల్స్‌లో రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలుపెట్టింది. అదిప్పుడు ఖాజాగూడలో ఉంది. సేవ ఉచితం. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విభాగం ఉంది. జిల్లాల్లో ప్రభుత్వం 'ఆలన' కేంద్రాలు నడుపుతోంది. అయినా కొరత తీరలేదు. ప్రపంచంలో ఏటా 5.68 కోట్ల మందికి ఈ వైద్యం అవసరమని, అందులో 14 శాతం మందికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అక్కినేని నాగేశ్వరరావు గారు తనకు క్యాన్సర్ అని 2013 అక్టోబర్‌లో అందరి ముందూ చెప్పారు. వైద్యం తీసుకుంటూ, అయినవాళ్ల మధ్య ఉంటూ 'మనం' సినిమాకు తన డబ్బింగ్ తానే చెప్పుకున్నారు. 2014 జనవరి 22న వెళ్లిపోయారు. అలాంటి చివరి రోజులు దీన్‌దయాళ్ నగర్‌లోని లైట్‌మన్‌కీ, కృష్ణానగర్‌లోని జూనియర్ ఆర్టిస్టుకీ ఎందుకు దక్కకూడదు? గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మహమ్మారి వచ్చిందని ఆ హక్కు రద్దయిపోదు.

కరోనా రోజుల్లో ఏం జరిగింది?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మెట్రో సెప్టెంబర్ 7 దాకా తిరగలేదు. సొంత బండి లేని కుటుంబం రెడ్‌హిల్స్ దాకా ఎలా వెళ్తుంది? భరించలేని నొప్పికీ, చివరి దశ ఆయాసానికీ వాడే మార్ఫిన్ ప్రతి మందుల షాపులో దొరికేది కాదు. ఫోన్‌లో రాయించుకుందామన్నా, 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ నిబంధనలు దాన్ని నిషేధిత జాబితాలో పెట్టాయి. ఇంటికి డాక్టరో నర్సో రాకపోతే ఆ రోగికి వేరే దారి లేదు.

ఇంకో సంగతి గుర్తు చేసుకోండి. 2020 జూన్‌లో షూటింగులకు అనుమతి వచ్చింది. యూనిట్‌లో ఎంతమంది ఉండాలి, ఎవరికి టెస్టు చేయాలి, మేకప్ చేసేవాళ్లు ఏం వేసుకోవాలి, భోజనాలు ఎలా వడ్డించాలి: అన్నిటికీ నియమాలు రాసుకున్నాం, పాటించాం, పని చేశాం. కెమెరా ముందు నలుగురు నిలబడేందుకు నియమాలు రాసుకోగలిగినవాళ్లం, చావుబతుకుల్లో ఉన్న తల్లి పక్కన ఒక్క బిడ్డ కూర్చునేందుకు రాసుకోలేమా?

దగ్గరుండి చూసుకోవచ్చు, జాగ్రత్తగా!

● రోగికి ఒకే అటెండెంట్, మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి. రోజుకొకరు మారితే ముప్పు పెరుగుతుంది.
● జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు రోగి గదిలోకి వెళ్లొద్దు. వెళ్లేవాళ్లకు టెస్టు, ఎన్95 మాస్కు, చేతుల శుభ్రత తప్పనిసరి.
● కిటికీలు తెరిచి ఉంచాలి. గాలి ఆడని గదిలో వైరస్ నిలిచి ఉంటుంది.
● నర్సులు, డాక్టర్లు రెండు జట్లుగా పనిచేయాలి. ఒక జట్టులో ఎవరికైనా సోకినా హాస్పిస్ మూతపడదు.
● వైరస్ సోకిన రోగికి వేరే గది. ఆ గదిలోకీ పీపీఈ కిట్‌తో ఒక బంధువును పంపాలి. దూరాన ఉన్నవాళ్లకు వీడియో కాల్ కలపాలి.
● ఒకే గదిలో ఆరుగురు ఉండే బస్తీ ఇళ్లకు మాస్కులు, గ్లౌజులు, పరదాలు ఇవ్వాలి. వాడే తీరు నర్సు ఇంటికొచ్చి నేర్పాలి.

ప్రభుత్వాన్ని అడుగుదాం

● హాస్పిస్‌ను, ఇంటికి వెళ్లి చేసే పాలియేటివ్ సేవలను అత్యవసర సేవలుగా ప్రకటించండి. వాళ్ల బండ్లను ఏ చెక్‌పోస్టూ ఆపకూడదు.
● అనుమతి ఉన్న ప్రతి ఆస్పత్రిలో మూడు నెలలకు సరిపడా మార్ఫిన్ నిల్వ ఉంచండి.
● బస్తీ దవాఖానాల నర్సులకు పాలియేటివ్ కేర్‌లో శిక్షణ ఇవ్వండి.
● "ఒక అటెండెంట్" హక్కును మహమ్మారి నిబంధనల్లో ఇప్పుడే రాయండి.

సినీ పరిశ్రమను అడుగుదాం

ఎన్టీఆర్ సంకల్పించిన బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి 2000లో మన పొరుగునే తెరుచుకుంది. 2020లో కరోనా క్రైసిస్ చారిటీ సినీ కార్మికుల ఇళ్లకు బియ్యం, పప్పులు చేర్చింది. మరుసటి ఏడాది టీకాలు వేయించింది. పూనుకుంటే చేయగలమని మనకు తెలుసు. ఇప్పుడు ఇవి చేద్దాం:

● యూనియన్ల ఆరోగ్య బీమాలో పాలియేటివ్ కేర్ చేర్చాలి.
● షూటింగులు ఆగితే ప్రొడక్షన్ వ్యాన్లను నర్సుల రాకపోకలకు ఇవ్వాలి.
● ఆ రోజుల్లో పనిలేని కాస్ట్యూమ్ టైలర్లకు కూలి ఇచ్చి, హాస్పిస్‌లకు గౌన్లు, మాస్కులు కుట్టించాలి.

మీరు చేయాల్సింది

మీ బస్తీలో మంచాన ఉన్నవాళ్లెవరో, వాళ్లకు నొప్పి మందు అందుతోందో లేదో ఈ వారమే కనుక్కోండి. అందకపోతే బస్తీ దవాఖానాకు చెప్పండి, ఎంఎన్‌జేకి తీసుకెళ్లండి. మీ యూనియన్ తర్వాతి మీటింగులో ఈ డిమాండ్లు చదివి తీర్మానం చేయించండి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుడి చేతిలో ఈ కాగితం పెట్టి, జవాబు చెప్పేదాకా వదలకండి.

నొప్పితో ఎవరూ పోకూడదు!
ఒంటరిగా ఎవరూ పోకూడదు!
నియమాలు ఇప్పుడే రాయాలి, మహమ్మారి వచ్చాక కాదు!

ఇట్లు,
జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాల సినీ కార్మికులు, నర్సులు, బస్తీవాసులు

చదివి పారేయకండి. పక్కింటికి ఇవ్వండి.